ఆదివారం ట్రాలీ

మీ ఇంట్లో ఆడవాళ్ళు ఏ పనీ లేకుండా చివరిసారిగా ఊరు దాటింది ఎప్పుడు? పెళ్ళికి వెళ్ళడం లెక్కలోకి రాదు. చావుకు, కాన్పుకు, ఆసుపత్రికి వెళ్ళడమూ రాదు. మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళింది అసలే రాదు, ఎందుకంటే అదీ ఒక పనే, చేయించుకునేవాడు దేవుడు, అంతే తేడా. కేవలం చూసి, తిని, నవ్వి రావడానికి వెళ్ళింది ఎప్పుడో చెప్పండి. మీకు వెంటనే గుర్తు రాకపోతే సిగ్గుపడేది మీరొక్కరే కాదు. మా ఆవిడకు మాత్రం అలాంటి రోజులు చాలా గుర్తున్నాయి. వాటిలో నేను దాదాపుగా ఎక్కడా లేను. అన్నిటిలోనూ ఉన్నది మా పక్కింటి మనిషి. ఆమె చనిపోయాక కూడా ఆమె మీద నాకున్న అసూయ చావలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

పోయిన నెల నరసరావుపేటలో కూరగాయలకని వెళ్తూ ఒక ఇంటి ముందు ఆగిపోయాను. ప్రహరీ గోడ మీద ఒక సంచి, అందులో కాపు మీదున్న వంగమొక్క. సంచి ఫ్లెక్సీ బ్యానరుతో కుట్టింది. దాని మీద సగం మీసం, ఒక కన్ను, పక్కన "లోకం ఉందా?" అనే అక్షరాలు కనిపించాయి. మీసం నాది. చిలకలూరిపేటలో "పరలోకం ఉందా?" అని మా హేతువాద సంఘం బహిరంగ చర్చ పెట్టినప్పుడు వేయించిన ఫ్లెక్సీ అది. మొదటి రెండక్షరాలు కుట్టు మడతలోకి వెళ్ళిపోయాయి. గోనెసంచులు కుట్టే తెల్లదారంతో రెండు వరసలుగా వేసిన ఆ కుట్టు ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆమె పొట్టి మనిషి. మనిషికంటే ముందు చెప్పుల చప్పుడు వచ్చేది. చేతులు ఎప్పుడూ మట్టితోనో, దారంతోనో, పిండితోనో ఉండేవి కనుక దేన్నయినా గడ్డంతోనే చూపించేది. పుట్టిల్లు రెంటచింతల. ఎవరైనా ఎండ గురించి విసుక్కుంటే, "ఇదేం ఎండ, మా ఊరొచ్చి చూడండి" అని ఆ ఎండ తమ పిత్రార్జితమైనట్టు మాట్లాడేది. ప్రతి ఆదివారం తెల్లవారగానే చర్చికి, వాళ్ళ మాటలో గుడికి, వెళ్ళి పూజలో కూర్చుని వచ్చేది. దేవుడి గురించి నాతో ఎన్నడూ వాదించలేదు. నేను రెచ్చగొట్టినా వాదించలేదు. వాదనతో బతికే మనిషికి ఇంతకంటే అవమానం ఉండదు.

మా డాబాకీ ఆమె డాబాకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే. అటువైపు పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో, ఫ్లెక్సీ సంచుల్లో ఆమె తోట. ఇటువైపు నేను పుస్తకం చూసి పెంచిన ఒకే ఒక మల్లెమొక్క. నా మొక్క ఆకులేసింది. ఆమె మల్లె పూలు పూసింది. పైగా ఆమె సేద్యమంతా తిట్లతో సాగేది.

"ఏమే, తిని కూర్చోటానికి తెచ్చానా నిన్ను? పక్కదాన్ని చూసన్నా సిగ్గు తెచ్చుకో" అని రోజూ పొద్దున్నే మొదలుపెట్టేది.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "మొక్కకు చెవులుండవమ్మా."

"ఉండకపోబట్టే బతికిపోయాం అన్నయ్యా. ఉంటే నా తిట్లకు ఈపాటికి పుట్టింటికి పోయేది."

గోడ ఇవతల మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆమె మల్లె పూయడానికి అసలు కారణం తేలికైనదే. పక్క మేడ నీడ పొద్దున పూట నా డాబా మీద పడుతుంది, ఆమె డాబా మీద పడదు. మల్లెకు ఎండ కావాలి. ఈ సంగతి మా ఆవిడకు చక్కగా, దశలవారీగా వివరించాను. ఆమె అంతా విని, సాయంత్రం పక్కింటి నుంచి వచ్చిన మల్లెలు తలలో పెట్టుకుంది. సరైన కారణం నా దగ్గర ఉంది, పూలు ఆ ఇంట్లో ఉన్నాయి.

ఫ్లెక్సీల మీద ఆమెకున్న ఆశ అంతా ఇంతా కాదు. పార్టీలవీ, పుట్టినరోజులవీ, ఓణీల వేడుకలవీ, సంతాప సభలవీ, ఏదైనా సరే పని అయిపోయిందంటే ఆమె ఇంటికి చేరాల్సిందే. ఎవరో నాయకుడి నవ్వులోంచి టమాటా తీగ బయటికొచ్చేది. నన్ను కూడా వదల్లేదు. "అన్నయ్యా, మీ మీటింగు అయిపోయినంక ఆ బ్యానరు పారెయ్యమాకండి."

"ఏం చేసుకుంటావమ్మా?"

"దాని మీద కూర్చుని పులిహోర తింటాం."

అన్నట్టుగానే చేసింది. రెండు పొరలు కలిపి, అంచుకు పాత చీర బార్డరు వేసి, మడిస్తే చంకలో పెట్టుకునేంత చాప కుట్టింది. దాన్ని పరిస్తే మధ్యలో నా ముఖం. కూర్చునేవాళ్ళు దాన్ని తప్పించి కూర్చునే ప్రయత్నమేమీ చేయలేదు.

ఆమె భర్తకు ట్రాలీ ఆటో ఉంది. వారమంతా పత్తి బేళ్ళు, టిక్కీలని పిలిచే మిరపకాయ బస్తాలు మోస్తుంది ఆ బండి. శనివారం సాయంత్రం దాన్ని కడిగేవాడు. అతను మాటలు తక్కువ మనిషి, నీళ్ళు ఎక్కువ పోసేవాడు. ఆదివారం పూజ అయ్యాక ట్రాలీలో పత్తి చెత్త నింపిన గోనెలు పరిచి, మా వీధి ఆడవాళ్ళను ఎక్కించుకుని వెళ్ళేవాళ్ళు. పెద్దవాళ్ళు కుదుపు తెలియకుండా క్యాబిన్ వైపు కూర్చునేవాళ్ళు. వాళ్ళ పక్కన పిల్లలు. మగవాళ్ళకు చోటు ఉండేది, అడిగినవాళ్ళు లేరు.

మా వీధి అలవాటు మీకు తెలియనిది కాదు. ఎవరు గడప దాటినా ఎటు, ఎందుకు అని చెప్పాలి. ట్రాలీ కదిలేముందు చివరింటి ముసలావిడ అరుగు మీద నుంచి అడిగేది.

"ఏంది, అంతా కలిసి ఎటు? మొక్కా?"

"మొక్కు లేదు పెద్దమ్మా."

"సంబంధం చూడబోతన్నారా?"

"సాగరు కాలవ చూడబోతన్నాం."

"కాలవలో ఏముంది?"

"నీళ్ళున్నయ్యి. వస్తావా?"

ఆ ముసలావిడ ఎన్నో ఆదివారాలు ఆ ప్రశ్న వేసి, చివరికి ఒక ఆదివారం చేతికర్ర పట్టుకుని తనే ఎక్కింది. ఆ తర్వాత అరుగు మీద నుంచి అడిగేవాళ్ళు లేకుండా పోయారు.

సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం నేరమని నేను చెప్పకపోలేదు. "టిక్కీలు ఎక్కించొచ్చంట, మమ్మల్ని ఎక్కించగూడదంట. మిరపకాయలకన్నా మేం ఘాటా అన్నయ్యా?" అంది. ట్రాలీ అంతా గొల్లుమంది. మా ఆవిడ నవ్వు అందులో విడిగా వినబడింది.

ఒక వానాకాలం సాగర్ గేట్లు ఎత్తారన్న కబురు వచ్చింది. ఆ మాట వింటే పల్నాడులో ఇళ్ళల్లో మనుషులు నిలవరు. అదే ఆదివారం చిలకలూరిపేటలో నా చర్చ. ఈ జీవితం ఒక్కటే మనకు ఉన్నది, దీని తర్వాత మరొకటి లేదు, కనుక దీన్నే బాగుచేసుకోవాలి అని గొంతు చించుకుని చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇంటికి వస్తే తాళం. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళడం అలవాటు. పక్కింటికీ తాళం. అరుగు మీద కూర్చుని ఆలోచించాను. మరో లోకం ఉందని నమ్మిన మనిషి ఈ లోకంలో నీళ్ళు దూకడం చూడటానికి వెళ్ళింది. ఇదొక్కటే లోకమని చెప్పిన మనిషి తాళం ముందు కూర్చున్నాడు. వాదనలో నేను ఓడలేదు, కానీ ఆదివారం మాత్రం ఆమెకు దక్కింది.

ట్రాలీ వచ్చింది. ఆడవాళ్ళంతా తడిసి ఉన్నారు. గేట్ల నీటి తుంపర రోడ్డు దాకా వచ్చిందట. మా ఆవిడ జుట్టు ముడి ఊడి భుజాల మీద పడి ఉంది. నన్ను చూసి ముడి వేసుకుంది. ఆ ముడి వేసుకోవడం నాకు గుచ్చుకుంది.

"చెప్పకుండా వెళ్ళావు" అన్నాను.

"చెప్పాను. మీరు స్పీచి రాసుకుంటన్నారు."

"నీళ్ళు చూడటానికి అంత దూరమా?"

ఆమె తడి చెంగు పిండుకుంటూ మామూలుగానే మాట్లాడింది. "మా అమ్మ ఏడాదికోసారి తిరునాళ్ళకు బోయేది. దేవుడి మీద భక్తి ఎంతో నాకు తెలియదుగానీ, ఆ రోజు పొయ్యి ముట్టించేది కాదు. బండెక్కి పాటలు పాడేది. గాజులు కొనుక్కునేది. మీరొచ్చి దేవుణ్ణి తీసేశారు. సరే, నాకూ నమ్మకం లేదు. దేవుడితోపాటు తిరునాళ్ళ కూడా తీసేశారు గదా, దాని బదులు ఏం పెట్టారు?"

జవాబు కూడా తనే చెప్పింది. "మీటింగు పెట్టారు. దానికి టీలు మేం కాశాం."

ఎన్నో వేదికల మీద ఎందరో పండితులతో వాదించాను. ఇంత సూటి ప్రశ్న నాకు ఎవరూ వేయలేదు. మన ఉద్యమాలన్నీ చేసిన పొరపాటు అందులో ఉంది. ఆడవాళ్ళకు పొయ్యి దగ్గర నుంచి దొరికే సెలవు ఒక్క దేవుడి పేరు మీదే దొరికేది. మొక్కు అబద్ధమని మనం రుజువు చేశాం, మంచిదే. దాంతోపాటు సెలవు చీటీ కూడా చింపేశాం. మనం చేయాల్సిన పని మా పక్కింటి భక్తురాలు ఒక ట్రాలీతో చేసింది. అసూయ కాకపోతే నాకింకేం కలుగుతుంది?

ఒక ఆదివారం మీటింగు రద్దయి నేనూ ఎక్కాను. కారంపూడి మీదుగా దుర్గి వెళ్ళాం. అక్కడ రాతిశిల్పాలు చెక్కేవాళ్ళ పాక ముందు బండి ఆగింది. ఒకాయన దేవత విగ్రహానికి ముక్కు తీరుస్తున్నాడు. నాకు ఇంతకంటే మంచి సభ దొరుకుతుందా? నిన్నటి దాకా బండ, రేపటి నుంచి దేవత, ఈ రెంటి మధ్య ఉన్నది ఒక మనిషి చెయ్యి అని మొదలుపెట్టబోయాను.

ఆమె గడ్డంతో నన్ను ఆపింది. "అన్నయ్యా, ఇయ్యాల ఆదివారం. దేవుడున్నాడనేదానికీ సెలవే, లేడనేదానికీ సెలవే."

తర్వాత ఆ శిల్పి వైపు తిరిగింది. "బాబాయ్, పనికిరాని ముక్కలుంటే ఇవ్వు. మా వాళ్ళు కూడా నాలుగు దెబ్బలేస్తారు."

ఆయన వింతగా చూశాడు. "ఆడోళ్ళకెందుకమ్మా ఇది?"

"ఎందుకూ లేదు. నీ ముక్కలు పాడైతే నీకు నష్టమా?"

"పాడైనయ్యేగా, ఇంకేం పాడవుతయ్యి" అని ఆయన ఉలులూ సుత్తులూ ఇచ్చాడు.

చెట్టు కింద నా ముఖం ఉన్న చాప పరిచారు. దాని మీద రాళ్ళు పెట్టుకుని ఆడవాళ్ళంతా మొదలుపెట్టారు. మా ఆవిడ చిలక చెక్కుతానంది. శిల్పి ఆమె చేతిలో ఉలి పెట్టి పట్టు చూపిస్తాడేమోనని అనుకున్నాను, ఆయన చూపించకుండా తన పని తాను చేసుకున్నాడు. ఆమె తప్పులు ఆమె చేసుకుంది. నుదుటి మీద, కనురెప్పల మీద రాతి పొడి పడింది. కొంగు నడుముకు బిగించి, నాలుక కొన బయటపెట్టి, ఎవరినీ చూడకుండా కొట్టింది. నేను నీళ్ళు తాగమంటే తీసుకోలేదు. వినపడలేదు.

చివరికి తయారైంది. పక్కింటావిడ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "వదినా, ఇది చిలకైతే వంకాయేది?"

"నీ కళ్ళు పోయినయ్యే. ముక్కు కనపళ్ళా?"

"ముక్కా అది, తొడిమనుకున్నా."

మా ఆవిడ తల వెనక్కి వేసి నవ్వింది. పళ్ళన్నీ కనపడేలా, ఊపిరి అందకుండా, కడుపు పట్టుకుని. నా కాపురంలో నేను ఆ నవ్వు వినలేదు. ఆ నవ్వు ఆమెలో ఇన్నాళ్ళూ ఉందని పక్కింటావిడకు తెలుసు, నాకు తెలియదు. ఆ వంకాయ చిలక మా ఇంటికి వచ్చి టీవీ పక్కన కూర్చుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నేను ఏనాడూ ఆ ఇంట్లోకి అంత సంతోషం పట్టుకొచ్చి పెట్టలేదు.

మొన్నటి ఎండాకాలం ఆమె ఉన్నట్టుండి పోయింది. గుండె అన్నారు. సమాధి రెంటచింతలలోనే. మా వీధి ఆడవాళ్ళంతా ఆ ట్రాలీలోనే వెళ్ళారు. భర్త దాన్ని ఆ రోజు కూడా కడిగాడు. ఫాదరుగారు ఆమె ఇంతకంటే మంచి చోటికి వెళ్ళిందని చెబుతుంటే నాకు లోపల చర్రుమంది. పక్కన మా ఆవిడ నెమ్మదిగా అన్న మాట నాకొక్కడికే వినిపించింది. "ఎటు బోయినా మమ్మల్ని ఎక్కించుకునేది. ఈసారి ఒక్కతే బోయింది."

ఆ తర్వాత ఆదివారాలు మా ఇంట్లో గడవడం మానేశాయి. మా ఆవిడ పొద్దున్నే తలంటుకునేది, మంచి చీర కట్టుకునేది, మధ్యాహ్నం దాకా కూర్చుని చీర మార్చుకునేది. తిట్టినా బాగుండేది. కొన్నాళ్ళకు తలంటుకోవడమూ మానేసింది. మనిషి కళ్ళముందే ఇంట్లోకి ఇంకిపోతోంది.

ఇక నేనే పూనుకున్నాను. ఆమె చేసిన పని నేను చేయలేనా అన్న పంతం కూడా ఉంది, దాచను. నాగార్జునకొండకు ఏర్పాటు చేశాను. ఎన్నింటికి బయలుదేరాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఏం తెలుసుకోవాలి, అన్నీ నిర్ణయించాను. పడవలో బౌద్ధం గురించి మాట్లాడాను. ఆడవాళ్ళు మర్యాదగా విన్నారు. మరుసటి ఆదివారం పిలిస్తే ఒకావిడకు మోకాళ్ళ నొప్పి, ఒకావిడకు చుట్టాలు, చివరింటి ముసలావిడకు మాత్రం ఏ సాకూ లేదు. "నాయనా, నువ్వు బళ్ళో పిల్లకాయల్ని తోలుకెళ్ళినట్టు తోలుకెళ్తన్నావు" అని మొహం మీదే చెప్పింది.

చనిపోయిన మనిషి చేతిలో కూడా ఓడిపోయాను. ఆ ఉక్రోషంతో ఆమె భర్త దగ్గరికి వెళ్ళాను. బండి టైరుకు గాలి చూసుకుంటున్నాడు.

"నాగార్జునకొండ మంచి చోటే కదా. మీ ఆవిడ తీసుకెళ్ళిన కాలవ గట్టుకంటే మంచిదే కదా" అన్నాను.

"మంచిదే బావగారూ."

"మరి వీళ్ళకేం తక్కువైంది? ఆమె చోట్లు ఎలా ఎంచేది?"

అతను తల ఎత్తాడు. "మా ఆమె ఏనాడూ ఎంచలేదండి. శనివారం ఒకళ్ళ ఇంటికి బోయి అడిగేది. ఈ ఆదివారం నీది, ఎటు బోదాం అని. వాళ్ళు ఏది చెబితే అదే. మిగతావోళ్ళు మాట్లాడగూడదు. ఒకామె రైలు గేటు కాడ కూర్చుందాం అంటే పొద్దుగూకేదాకా రైళ్ళు చూశాం. ఇంకొకామె చిన్నప్పుడు చదివిన బడి చూపించింది, అది గూడా కూలిపోయింది. అయినా దిగి చూశాం."

"దుర్గి?"

"అది మా చెల్లెమ్మది." మా ఇంటి వైపు చూశాడు. "చిన్నప్పుడు బస్సులో మాచర్ల బోయేటప్పుడు ఆ ఉలి దెబ్బలు ఇనపడేవంట. కిటికీలోంచి చూసేదంట. దిగుదాం అంటే వాళ్ళ నాయన దిగనిచ్చేవాడు కాదంట. మీకు తెలుసనుకున్నా."

నాకు తెలియదు. ఆమె నాకు చెప్పలేదు అని నన్ను సమర్థించుకునే దారి ఉంది, కానీ అది పనికిరాదు. నేను అడగలేదు. ఆమెకు ఏం ఉండకూడదో నాకు తెలుసు. మూఢనమ్మకం ఉండకూడదు, భయం ఉండకూడదు, బానిసత్వం ఉండకూడదు. ఏం కావాలో మాత్రం పక్కింటావిడ ఒక శనివారం గడపలో నిలబడి, మట్టి చేతులతో, అరనిమిషంలో తెలుసుకుంది. ఇన్నాళ్ళ అసూయలో నాకు బాగా మండింది అప్పుడే.

జరిగింది ఇంటికి వచ్చి చెప్పాను. మా ఆవిడ వింటూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. మరుసటి శనివారం పక్కింటి గోడ దగ్గర నిలబడి, "అన్నయ్యా, రేపు బండి ఖాళీయేనా?" అని అడిగింది. అతను బకెట్టు తెచ్చాడు. ఆమె వీధి చివరి ముసలావిడ ఇంటికి వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చింది. ఎటు వెళ్తున్నామని నేను అడిగితే, "మీది కాదు ఈ ఆదివారం. ఎక్కితే ఎక్కండి" అంది.

ఎక్కాను. వెనక, ట్రాలీ తలుపు పక్కన, గోనె లేని చోట కూర్చున్నాను. ఇప్పుడు ఆ అసూయ మా ఆవిడ మీదికి మళ్ళింది. వీధి మొత్తం ఆమె చుట్టూ కూర్చుంటుంది, ఆమెతో మాట్లాడుతుంది. నా వంతు ఇంకా రాలేదు. వస్తే ఏం చెప్పాలో కూడా నాకు తెలియడం లేదు.

మా సంఘంలో ఈ మాట ఎత్తితే మిత్రులు నవ్వారు. ఉద్యమమా, షికార్లా అన్నారు. నవ్వే హక్కు మీకూ ఉంది. కానీ మీ ఇంట్లో ఒక మనిషి మంచి చీర కట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుని, మళ్ళీ మార్చుకుంటుందేమో మీకు తెలుసా? చూశారా?

చదవడం ఇక్కడితో ఆపండి. లేచి వంటింట్లోకి వెళ్ళండి. ఈ ఆదివారం ఎటు వెళ్దామో అక్కడున్న మనిషిని అడగండి. ఆమె మొదట నమ్మదు. ఏదో పని పెట్టుకుని అడుగుతున్నారనుకుంటుంది, "ఏం లేదులే" అంటుంది. మీరు కదలకండి. సలహా ఇవ్వకండి, మంచి చోటు చెప్పకండి, చరిత్ర వివరించకండి. ఆమె నోటి నుంచి ఊరి పేరు వచ్చేదాకా మాట్లాడకుండా అక్కడే నిలబడండి.